మూడు షిఫ్టుల చేపలు

గని కూలీల కోసం కట్టిన కోరమండల్ లైను ఇండ్లలో నంజుండప్ప పొద్దున లేవగానే తలుపు పక్క మేకుకు తగిలించిన ఇత్తడి బిళ్లను ఒకసారి తడిమి చూసుకుంటాడు. బంగారు గనిలోకి దిగే ప్రతి మనిషీ అలాంటి బిళ్ల ఒకటి వెంట తీసుకుపోయేవాడు. పైకి వచ్చినాక అప్పజెప్పేవాడు. బిళ్ల రాలేదంటే మనిషి రాలేదనే. గని మూతపడిన రోజు ఆ బిళ్లను ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్లు దాటినా అది ఆ మేకుకే ఉంది.

బిళ్ల తర్వాత కాఫీ. కాఫీ తర్వాత చేపలు.

చేపలు కూతురు రత్నవి. తొలి కాన్పుకని మూడో నెలలోనే పుట్టింటికి వస్తూ గాజు తొట్టిని ఒళ్లో పెట్టుకుని బస్సు దిగింది. అందులో ఉన్నవి గుప్పెడు గప్పీలు. ఆడవి బొద్దుగా, మగవి సన్నగా, రంగురంగుల తోకలతో. రత్న పొద్దంతా వాటి ముందే కూర్చునేది. ఆమె మొగుడు శివరాజ్ ఊరూరా తిరిగి పాతబావుల్లో పూడిక తీస్తాడు. "పైకొచ్చినాను" అని అతను ఫోను చేస్తే గానీ రత్న మధ్యాహ్నం ముద్ద ముట్టదు.

"కడుపులో బిడ్డను పస్తు పెడతావా ఏమే?" అని తల్లి గంగమ్మ కసిరేది.

"నాయన గనిలో ఉన్నప్పుడు నువ్వు తిన్నావామ్మా?"

గంగమ్మ పొయ్యి దగ్గరికి పోయేది.

గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఆ సంగతి నంజుండప్పకు తెలిసొచ్చేసరికి తొట్టిలో నీళ్లకన్నా చేపలే ఎక్కువగా కనబడసాగాయి. పైగా గంగమ్మ అటు పోతూ ఒక చిటికె, ఇటు వస్తూ ఒక చిటికె సంగటి నలిపి వేసేది. తిండి పెరిగితే కాన్పులూ పెరుగుతాయి మరి.

"మొగోళ్లు ఒక లైను, ఆడోళ్లు ఒక లైను. ఇంగ పెరగవు" అని నంజుండప్ప మగ చేపలన్నిటినీ ఏరి పెద్ద గాజు సీసాలోకి మార్చాడు. నెల తిరిగింది. ఆడవి మళ్లీ ఈనాయి. ఆ పైనెలా ఈనాయి.

"ఇదేందబ్బా! మొగుడు ఆ లైనులో, కాన్పు ఈ లైనులోనా?"

పక్కింటి సౌభాగ్య గడప మీద కూర్చుని పడీపడీ నవ్వింది. "నీ మొగ చేపలు గోడ దూకుతుంటాయి మామా, బాగా కాపలా కాయి!"

"మా నాయన గని షాఫ్టులో పోయిన ఐదో నెలకు నేను పుట్టలేదా?" అంది గంగమ్మ, రాగిపిండి జల్లిస్తూనే. "తల్లి దాచుకుంటుందయ్యా."

ఆమె మాట నిజం. ఒక్కసారి మగదాని తోడు దొరికితే చాలు, గప్పీ తల్లి ఆ బీజాన్ని నెలల తరబడి కడుపులో దాచుకుని కాన్పు మీద కాన్పు కంటుంది. నంజుండప్ప తొట్టి వైపు చూసి చేతులు జోడించాడు.

కానీ చోటు చాలలేదు. చేపలు గాలి అందక పైకి తేలి నోళ్లు తెరిచేవి. ఒకరోజు తల్లి చేప తాను కన్న పిల్లనే మింగేసింది. రత్న అది చూసి కొంగుతో కడుపు కప్పుకుంది.

"నాయనా, చోటు లేకనే ఇట్ల చేస్తా ఉండాయి. ఏదన్నా చెయ్."

లైనులో నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి గడప ముందూ నీళ్ల డ్రమ్ము, డ్రమ్ము నిండా దోమ పురుగులు ఉంటాయి. గప్పీలకు ఆ పురుగులంటే పండగే. నంజుండప్ప సౌభాగ్య డ్రమ్ములో ఒక చెంబుడు చేపలు వదిలి, గనికి పోయేవాళ్లకు చెప్పినట్టే చెప్పాడు: "భద్రంగా పోయి రాండి."

అవి భద్రంగానే వచ్చాయి. గని నడిచిన రోజుల్లో మొదటి షిఫ్టు ముగిసిందని సైరను మోగిన వేళకు డ్రమ్ములోంచి లేచి, గాలిలో వరసకట్టి, నీళ్లు కారుస్తూ వెంటిలేటరులోంచి దూరి తొట్టిలోకి ఒకటొకటిగా దిగాయి.

"మామా, నీ చేపలు డ్యూటీ దిగినాయి, చూసుకో!" అని సౌభాగ్య కేకేసింది. "నా డ్రమ్ములో ఒక్క పురుగు లేదు. తెల్లారి మళ్లీ పంపించు."

లైనంతా చేపలు అడిగింది. పొద్దున పోయేవి, షిఫ్టు ముగిసే వేళకు వచ్చేవి. పగలు తొట్టి ఖాళీ, రాత్రయితే మళ్లీ కిక్కిరిసేది. నంజుండప్ప తొట్టి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు ఆలోచించి, ఉన్నట్టుండి నవ్వాడు.

"మనకు తెలీని పనా ఇది గంగా? ఈ ఇంట్లో మేము ముగ్గురు అన్నదమ్ములం, చాప ఒక్కటే. ఒకడు లేస్తే ఇంకొకడు. ఆ చాప ఎప్పుడన్నా చల్లారిందా?"

మేకు మీది బిళ్ల తీసి గాజు మీద తట్టాడు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు అని చేపలకు చెప్పాడు. ఆనాటి నుంచి కొన్ని దిగేవేళకు కొన్ని ఎక్కేవి. తొట్టిలో ఎప్పుడు చూసినా మూడో వంతు ఖాళీయే. నీళ్లు తేటపడ్డాయి, తల్లులు పిల్లల్ని మింగడం మానాయి. రత్నను చూసిపోను వచ్చిన శివరాజ్ కూడా చెంబుడు చేపల్ని తీసుకుపోయి, తాను తరువాత పూడిక తీయబోయే శ్రీనివాసపురం మామిడితోట బావిలో వదిలాడు. అవీ మొదటి షిఫ్టువే. దూరాభారం కాబట్టి సాయంత్రం కాస్త ఆలస్యంగా చేరేవి, అంతే.

శివరాజ్ ఆ బావిలోకి దిగే రోజు వచ్చింది. పొద్దున్నే షిఫ్టుకు పోయిన తోట చేపలు నంజుండప్ప రెండో కాఫీ తాగేలోపే తిరిగొచ్చాయి. వరస లేదు. ఒకదాన్నొకటి తోసుకుంటూ తొట్టిలో పడి అడుక్కు పోయి దాక్కున్నాయి.

నంజుండప్ప చేతిలో గ్లాసు కింద పెట్టాడు. గనిలో షిఫ్టు మధ్యలో ఎలుకలు పైకి పరిగెత్తితే, పెద్దవాళ్లు పనిముట్లు అక్కడే పారేసి వాటి వెంట నడిచేవాళ్లు. ఎందుకని అడుగుతూ నిలబడినవాడు లోపలే ఉండిపోయేవాడు.

"రత్నా, ఫోను!"

శివరాజ్ ఫోను ఎత్తలేదు. రత్న ఫోను తండ్రి చేతిలో పెట్టింది. మళ్లీ చేస్తే తోట కాపలాదారు మునిశామప్ప ఎత్తాడు. శివరాజ్ చొక్కా కొమ్మకు తగిలించి ఉండాదని, ఫోను అందులో మోగుతా ఉండాదని చెప్పాడు.

"మనిషి యాడప్పా?"

"గట్టు మీద నడుముకు తాడు కట్టుకుంటా ఉండాడు. నిన్న మోటారు పెట్టి నీళ్లు తోడినాము, ఇంగ అడుగున కొంచెం నీళ్లు, బురదే ఉండేది."

"దిగొద్దని చెప్పు! మా చేపలు షిఫ్టు మధ్యలో పైకి వచ్చేసినాయి."

"అట్లనా!" అని మునిశామప్ప ఫోను పట్టుకునే పరిగెత్తాడు. ఆ కేకలు, తాడు లాగిన చప్పుడు ఇక్కడికి వినిపించాయి. తర్వాత శివరాజ్ గొంతు వినబడింది.

"ఏం మామా?"

"ముందు దీపం దించి చూడప్పా."

లాంతరు వెలిగించి తాడుకు కట్టి దించారు. అది సగం బావి దాటకముందే, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించారు. మళ్లీ ఆరిపోయింది. కదిలిన బురదలోంచి విషగాలి లేచి బావి నిండా నిలబడి ఉంది.

సాయంత్రం శివరాజ్ కోరమండల్ వచ్చాడు. వచ్చీ రాగానే తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అడుగున దాక్కున్న చేపలు మెల్లగా పైకి వచ్చాయి. నంజుండప్ప మేకు మీది బిళ్ల తీసి అల్లుడి జేబులో వేశాడు. "పోయేటప్పుడు తీసుకుపో. వచ్చినాక తగిలించు. ఏ బావి అయినా ముందు షిఫ్టు చేపలది, తర్వాతే నీది."

కాన్పు అయ్యేదాకా శివరాజ్ అక్కడి నుంచే పనికి పోయి వచ్చాడు. శ్రీనివాసపురం బావికి గాలి పట్టించి, చేపలు అందులో రోజంతా నిలిచినాకనే దిగాడు.

అతను దిగిన నాటి మధ్యాహ్నం గంగమ్మ వంట ముగించి, కూతురు ఎలాగూ తినదని గిన్నెల మీద మూతలు పెడుతోంది. మేకు ఖాళీగా ఉంది. తొట్టిలో మొదటి షిఫ్టు చేపల చోటు కూడా ఖాళీగా ఉంది. రత్న ఆ ఖాళీ నీళ్ల వైపు ఒకసారి, వెంటిలేటరు వైపు ఒకసారి చూసింది. ఫోను ఇంకా మోగలేదు, కానీ చేపలూ వెనక్కి రాలేదు.

కడుపు పట్టుకుని మెల్లగా పీట వాల్చుకుంది.

"అమ్మా," అంది, "ముద్ద పెట్టు."