దాణా కాగితంలో మ్యూ

షామీర్‌పేట దారిలో ఉన్న కోళ్ళ దాణా ఫ్యాక్టరీ ల్యాబులో కామేశ్వరికి అది యాభై రెండో రోజు. మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఎప్పుడో చదివిన బీయస్సీ కెమిస్ట్రీని పెళ్ళయిన పదకొండేళ్ళకు బయటికి తీసి, ఆర్నెల్లు కంప్యూటర్ నేర్చుకుని, మచ్చ బొల్లారం నుంచి రోజూ రెండు బస్సులు మారి వస్తోంది. ఇది పోతే ఇంట్లో ఇంకోసారి నోరు తెరిచి అడగడం తన వల్ల కాదు.

పదకొండింటికి, దాణా కలిపే మొగులయ్య కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, గిదేంది? సెలీనియం పొడి టన్నుకు పదిహేను కిలోలంట! గోదాంల బస్తా ఇప్పమంటున్నరు. పన్నెండేండ్ల సంది పదిహేను గ్రాములే ఏస్తున్న. గింత ఏస్తే కోళ్ళు బతుకుతయా?"

కామేశ్వరి కాగితం అందుకుంది. కిలో దాణాకు సెలీనియం 150 mg. మైక్రోగ్రాములు ఉండాల్సిన చోట మిల్లీగ్రాములు. వెయ్యి రెట్లు! పొడిలో సెలీనియం నూరో వంతే కాబట్టి, గోదాం వాళ్ళు కాగితంలో ఉన్నదాన్ని బట్టి పదిహేను కిలోలని లెక్క కట్టారు.

పక్క టేబుల్ దగ్గరున్న చీఫ్ కెమిస్ట్ శ్రీనివాసరావు కాగితం తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూశాడు.

"ఆరేళ్ళ నుంచి నడుస్తున్న షీట్లమ్మా ఇవి. ముప్పై రెండూ నిన్న ఒకచోట చేర్చింది నువ్వు. ఆ m కొట్టిందీ నువ్వే. రేపట్నుంచి రానక్కర్లేదు."

"నేనేమీ కొట్టలేదండీ. మీ షీట్లోంచి కాపీ చేశాను."

"నా షీట్లో మైక్రో గుర్తు మ్యూ ఉంది. చూస్తావా?"

"చూద్దామండీ."

ఆయన పాత షీటు తెరిచాడు. గడిలో 150 µg అని శుభ్రంగా ఉంది. "ఏమంటావిప్పుడు?" అన్నట్టు కుర్చీ వెనక్కి జరిపాడు. కామేశ్వరి చెవులు వేడెక్కాయి. అయినా మౌసు తన వైపు లాక్కుని ఆ గడి మీద నొక్కింది. తెర పైభాగంలో, గడిలోని సరుకును ఉన్నదున్నట్టు చూపించే పట్టీలోకి చూసింది.

"పైన చదవండి."

పైన 150 mg అని ఉంది.

"మీరు m కొట్టి, ఆ ఒక్క అక్షరానికి గ్రీకు అక్షరాలు చూపించే సింబల్ ఫాంటు పెట్టారు. అందుకే గడిలో మ్యూలా కనబడుతోంది. లోపల ఉన్నది m. నేను విలువలు మాత్రమే కాపీ చేశాను కదండీ, ఫాంటు వెనకే ఉండిపోయింది. ప్రింటు తీశాక పాతదానితో సరిచూసుకోకపోవడం నా తప్పు. ఈ m మాత్రం నాది కాదు."

శ్రీనివాసరావు ఇంకో షీటు తెరిచాడు. మరొకటి. అన్నిటా అదే.

"మరెలా పెట్టాలి?"

ఆవిడ ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని, కీబోర్డుకు కుడివైపున్న అంకెల మీద 0181 కొట్టి వేలు తీసింది. గడిలో µ, పై పట్టీలోనూ µ. ఆయన నమ్మకుండా ఫాంటు మార్చాడు. కాపీ చేసి వేరే షీట్లో పెట్టాడు. µ చెక్కుచెదరలేదు.

"డిగ్రీ గుర్తు కూడానండీ. మీరు సున్నా కొట్టి పైకెత్తారు. 80 డిగ్రీలు కాపీ చేస్తే 800 అవుతుంది. దానికి 0176."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"సారూ, బస్తా ఇప్పాల్నా?" అన్నాడు మొగులయ్య.

"వద్దయ్యా! గ్రాములే."

"నేను గదే జెప్పిన. ఇనెటోళ్ళేరి?"

శ్రీనివాసరావుకి నవ్వొచ్చేసింది. లేచి నిలబడి తన కుర్చీ ఆవిడ వైపు తిప్పాడు. "కూర్చోమ్మా. ముప్పై రెండూ నువ్వే సరిచెయ్యి. మూడు నెలలయ్యేదాకా ఎందుకు, నీ ఉద్యోగం ఆర్డరు ఇవాళే రాయిస్తాను."

"ముందు ఇది ప్రింటు తీస్తానండీ. మొగులయ్యగారి మిషను ఆగిపోయింది."

ప్రింటరు కరకరలాడుతూ కాగితాన్ని వదిలింది. ఈసారి దాన్ని పాత ప్రింటుతో పక్కపక్కన పెట్టి ప్రతి వరసా వేలుపెట్టి సరిచూసుకున్నాకే మొగులయ్యకిచ్చింది. అతను కాగితాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాడు.

"కిందికి తోకుంటే చిటికెడు, లేకుంటే కోళ్ళ పానం దీస్తది. గంతేనా అమ్మా?"

"గంతే మొగులయ్యగారూ," అంది కామేశ్వరి, కుర్చీ ముందుకు లాక్కుంటూ.