పారమో మీద కేక

నూరిస్‌ది బరాంకియా. ఆ ఊళ్ళో పక్కింటివాళ్ళని పలకరించినా వీధి చివరిదాకా వినపడాలి. పాట పెడితే గోడలు అదరాలి. సముద్రపు గాలికి ఎదురు మాట్లాడీ మాట్లాడీ అక్కడివాళ్ళ గొంతులు అలా తయారయ్యాయి, వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. అలాంటి ఊరునుంచి వచ్చి ఆవిడ బొయాకా కొండల్లో పెన్యా పార్దా అనే పల్లెలో, ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరింది. ఇక్కడ ఇంత పొడుగు సూది గుచ్చినా రోగి కిక్కురుమనడు. సంతలో బేరం కూడా గుసగుసలే. వచ్చిన మొదటి వారం, ఊరంతా తనమీద అలిగిందేమో అనుకుంది నూరిస్.

ఆమెకున్నది ఎనిమిదేళ్ళ కూతురు మిలేదిస్ ఒక్కతే. ఆ పిల్ల తండ్రి బరాంకియాలోనే ఇంకో సంసారం పెట్టుకుని హాయిగా ఉన్నాడు, అతని సంగతి మనకొద్దు. తల్లి కేంద్రంలో ఉన్నంతసేపూ పిల్ల పక్కింటి దోన్యా ఎర్సిలియా, అంటే ఎర్సిలియా అమ్మగారి, వంటింట్లో ఉండేది. ఎర్సిలియాకి డెబ్బై దాటాయి. నెత్తిన నల్ల టోపీ, భుజాలమీద రువానా అనే ఉన్ని కంబళి, ఏ రోజు చూసినా అదే వేషం. మూడు నెలల్లో మిలే కూడా చిన్న రువానా కప్పుకుని, పొయ్యి దగ్గర కూర్చుని, బెల్లం నీళ్ళు ఊదుకుంటూ తాగడం నేర్చుకుంది. గొంతు తగ్గించేసింది. ఈ కొండల్లో పెద్దా చిన్నా అందరినీ, ఆఖరికి కుక్కని కూడా, మీరు అనే అంటారు. ఒకరోజు పిల్ల తల్లినే “మీరు భోంచేశారా?” అని అడిగింది.

“నన్ను మీరంటావేంటే? నేనేమన్నా బిషప్పునా?” అని నవ్వేసింది నూరిస్. కానీ లోపల ఎక్కడో చురుక్కుమంది. తన పిల్ల తన గొంతుతో మాట్లాడటం లేదు.

ఆ ఆదివారం ఎర్సిలియా, ఆమె భర్త దోన్ అబ్దోన్, పైన పారమోలో మేస్తున్న ఆవులకి ఉప్పు పెట్టడానికి బయల్దేరారు. పల్లెకి పైన, చెట్లు కూడా పెరగని ఎత్తులో ఉండే చలి బీడు ఆ పారమో. అక్కడ నల్లమడుగని ఒక సరస్సు ఉందని విని, నూరిస్ తనూ వస్తానంది. ఆదివారమొస్తే ఒక కొత్త చోటు చూడకపోతే ఆవిడకి తోచదు.

మూడు గంటల నడక. పై కంచె దగ్గర ఎర్సిలియా టోపీ తీసి, తల వంచి, “వస్తున్నామయ్యా, ఆవుల కోసం వస్తున్నాం. మాతో కొత్తమనిషి ఉంది, కోప్పడకండి,” అంది కొండవైపు చూసి. మిలే కూడా తల వంచింది.

“ఎవరితో మాట్లాడుతున్నారు?” అంది నూరిస్.

“పారమోతో,” అంది ఎర్సిలియా, పక్కింటాయనతో అన్నంత మామూలుగా. “ఇక్కడ గట్టిగా అరవకండి నర్సమ్మా. పారమోకి అరుపులంటే పడదు. కోపమొస్తే పొగమంచు దించుతుంది.”

“మరి మా కార్నివాల్ ఇక్కడ పెడితే?”

“ఊరు ఊరంతా పోతాం,” అన్నాడు దోన్ అబ్దోన్. ఆ రోజుకి ఆయన అన్న మొదటి మాట అది. నూరిస్ పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు.

కంచె దాటాక నేలంతా మెత్తన. అడుగేస్తే నాచు కింద నీళ్ళు చిమ్ముతున్నాయి. ఎటు చూసినా ఫ్రైలెహోన్ మొక్కలు, మనిషెత్తున, ఎండిన ఆకులు కాండం చుట్టూ వేలాడేసుకుని గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నాయి. మిలే వాటి నూగు ఆకుల్ని చెంపలకి రాసుకుంటూ వెనకబడింది. నూరిస్ ఒక పెద్ద బండ ఎక్కింది. ఎదురుగా ఆకాశానికి ఆనుకున్న కొండగోడ. అంత ఖాళీ, అంత నిశ్శబ్దం ఆవిడ జన్మలో చూడలేదు. చూసి ఊరుకోవచ్చుగా! రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని గొంతెత్తి ఒక్క కేక పెట్టింది. కొండగోడ ఆ కేకని నాలుగుసార్లు తిప్పి పంపింది.

ఎర్సిలియా చేతిలోని ఉప్పుసంచి కింద పెట్టేసింది. పైకి చూసింది.

మధ్యాహ్నం దాటితే ఆ కొండమీద మంచు రోజూ దిగేదే. కేకకి దిగిందో, వేళకి దిగిందో చెప్పడానికి మనమెవరం? దిగింది మాత్రం నిజం. కొండగోడ మాయమైంది. తర్వాత ఆవులు. నూరిస్ బండ దిగేసరికి పది అడుగుల అవతలున్న మొక్క కనపడలేదు.

“మిలే!” అంది నూరిస్.

జవాబు లేదు.

“మిలే, ఆటలొద్దు, రా!”

ఫ్రైలెహోన్లే కనపడుతున్నాయి. ప్రతిదీ రువానా కప్పుకున్న పిల్లలాగే ఉంది. ఒకదాని దగ్గరికి పరుగెత్తి పట్టుకుంది, తడి ఆకులు చేతికొచ్చాయి. ఇంకోదాని దగ్గరికి పరుగెత్తింది.

ఇక ఆవిడ అరిచిన అరుపులకి లెక్కలేదు. “మిలేదిస్! అమ్మలూ! ఇక్కడున్నానే, పలుకే!” మూడు వీధుల అవతల ఆడుకుంటున్న పిల్లని ఒక్క కేకతో ఇంటికి రప్పించిన గొంతు అది. దూరం పోయుండదు, రెండు నిమిషాలు కూడా కాలేదు. వినపడి తీరాలి. వినపడితే పలకాలి. పలకడం లేదంటే? నూరిస్ నర్సు. పలకని మనుషుల్ని చాలామందిని చూసింది.

అబ్దోన్, ఎర్సిలియా మాత్రం నోరు విప్పడం లేదు. ఆయన నేలమీదికి వంగి చూస్తున్నాడు. ఆవిడ చేతులు చాపి మంచులో తడుముకుంటూ తిరుగుతోంది.

“పిలవండి! మీరూ పిలవండి! నోళ్ళు పడిపోయాయా మీకు?” అని నూరిస్ ఎర్సిలియా రువానా పట్టుకుని గుంజింది. “పిల్లకంటే మీ పారమో ఎక్కువైందా? అది చచ్చిపోతే మీ పారమో తెచ్చిస్తుందా?”

ఎర్సిలియా మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

“నర్సమ్మా, పిలిచింది చాలు. ఆపండి. పిల్లకి వినపడుతూనే ఉంటుంది.”

“వినపడితే పలకదా?”

“పలకదు. నేనే చెప్పాను.” అంది ముసలావిడ. “పొయ్యి దగ్గర కూర్చుని నేనే చెప్పాను. పారమోలో దారి తప్పితే ఎవరు పేరుపెట్టి పిలిచినా పలకొద్దని. పారమో మనవాళ్ళ గొంతు దొంగిలించి పిలుస్తుంది, మడుగులోకి తీసుకుపోతుంది. మా పిల్లలందరికీ చెప్పినట్టే చెప్పాను. చెయ్యి పట్టుకునేది మనిషి, పేరు పిలిచేది పారమో. అందుకే ఇక్కడ మేం ఎవర్నీ పిలవం. వెతుక్కుంటాం. వెళ్ళి ముట్టుకుంటాం.”

నూరిస్‌కి ఆ మాటలు ఒక్కొక్కటే తలకెక్కాయి. కొట్టాలన్నంత కోపం వచ్చింది, ఆ కోపం నిలబడేలోపే అబ్దోన్ చెయ్యి ఊపాడు. నాచుమీద చిన్న రబ్బరు బూట్ల గుర్తులు.

“ఇక్కడ కూర్చుంది,” అన్నాడాయన నోట్లోనే. “ఈ మొక్కని కౌగిలించుకుని బుద్ధిగా కూర్చుంది. మీరు బండ దగ్గరనించి పిలిచారు. లేచింది. అటు పోయింది.” ఇంకొంచెం ముందుకి నడిచాడు. “ఇక్కడ ఆగింది. మీరు అరుస్తూ దగ్గరికొచ్చారు. ఇదిగో, మడమలు ఆనలేదు చూడండి, పరుగు.”

“ఎటు?”

ఆయన వేలు చాపాడు. “మడుగు వైపు,” అన్నాడు.

అంటే తను పిలిచిన ప్రతి పిలుపూ పిల్లని ఒక్కో పదడుగులు నీళ్ళవైపు తోసింది. నూరిస్ రెండు చేతులతో నోరు మూసుకుంది. నోరు మూసుకోవడం ఆవిడకి ఎవరూ ఎప్పుడూ నేర్పలేదు. ముక్కుతో ఊపిరి పీలుస్తుంటే అది కూడా అరుపులాగే వినపడింది ఆవిడకి.

ముగ్గురూ రువానాల అంచులు ఒకరివి ఒకరు పట్టుకుని వరసగా నడిచారు. బూట్ల కింద నీళ్ళ చప్పుడు, అంతే. ఒక్కసారి పిలిచి చూద్దామా, ఈసారి మెల్లగా, పాటలాగా, అని నూరిస్ నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ పళ్ళతో నొక్కిపెట్టింది. నోట్లో నెత్తురు రుచి తగిలింది. పిల్ల ఇప్పటికే మునిగిపోయి ఉంటే? అప్పుడు ఈ నోరు మూసుకోవడం ఎవరికోసం? అడుగడుక్కీ అదే భయం, దాన్నే మింగుకుంటూ నడిచింది.

నేల ఊగడం మొదలైంది. అబ్దోన్ ఆగి అడ్డంగా చెయ్యి చాపాడు. అక్కణ్ణించి ఉన్నది నేల కాదు, నీళ్ళమీద తేలే నాచు. పోయినేడు దానిమీద కాలు పెట్టిన దూడ మళ్ళీ కనపడలేదట.

మంచు కాస్త పలచబడింది. పది, పన్నెండు అడుగుల అవతల, ఆ నాచుమీద, వీపు ఇటు తిప్పి మిలే నిలబడి ఉంది. మోకాళ్ళదాకా నీళ్ళు. రెండు అరచేతులూ చెవులకి గట్టిగా నొక్కుకుని ఉంది. ఆమె ముందు ఇక నాచు కూడా లేదు, నల్లటి నీళ్ళే. పిల్ల బరువుకే నాచు కిందికి దిగుతోంది.

నూరిస్ నోరు దానంతటదే తెరుచుకుంది. ఎర్సిలియా చటుక్కున అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతికి ఉప్పు వాసన, ఆవుల వాసన. ఒక్క పిలుపు వినపడితే పిల్ల ఇంకో అడుగు వేస్తుంది. ఇంకో అడుగు లేదు.

అబ్దోన్ తన రువానా తీసి నాచుమీద పరిచాడు. దాని ముందు ఎర్సిలియాది. నూరిస్ నడుముకి తన భుజాన ఉన్న ఆవుల తాడు కట్టి, పడుకోమని సైగ చేశాడు. బోర్లా పడుకుని పాకితే బరువు పరుచుకుంటుంది. ఆవిడ పాకింది. మొదటి జానెడుకే మంచులాంటి నీళ్ళు ఛాతీకి తగిలి ఊపిరి ఆగిపోయింది. నాచు చర్మంలా కిందికీ పైకీ కదులుతోంది. దాని కింద ఎంత లోతుందో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. గడ్డం నీళ్ళలో పెట్టి, పెదాలు బిగించి, పిల్ల బూట్లనే చూస్తూ పాకింది. కొనవేళ్ళు అందలేదు. ఇంకో జానెడు. మోచెయ్యి నాచుని చీల్చుకుని లోపలికి దిగిపోయింది, వెనకనించి తాడు బిగిసింది. మళ్ళీ చెయ్యి చాపింది.

బూటు అందింది. చీలమండ పట్టుకుంది.

మిలే కేక పెట్టలేదు. చెవులమీంచి చేతులు తియ్యకుండానే తల మెల్లగా తిప్పి కిందికి చూసింది. పెదాలు నీలంగా ఉన్నాయి. బురదలో ఉన్న ఆ మొహాన్ని కొత్తమనిషిని చూసినట్టు చాలాసేపు చూసింది. తర్వాత ఒక చెయ్యి తీసి అడిగింది.

“మీరేనా, పిలిచింది?”

నూరిస్‌కి లోపలున్నదంతా కళ్ళలోకి వచ్చింది. నేనేనే, నీ అమ్మనే, గొంతు చించుకుని పిలిచింది నేనేనే అని చెప్పాలని ఉంది. పట్టుకున్న చీలమండ బిగుసుకుపోయి ఉంది, పారిపోవడానికి సిద్ధంగా.

“కాదు,” అంది గుసగుసగా. “నేను పిలవలేదు. వెతుక్కుంటూ వచ్చాను.”

చీలమండ వదులైంది. పిల్ల మోకాళ్ళమీద కూలి తల్లి మెడ పట్టుకుంది. వెనకనించి ఆ ఇద్దరు ముసలివాళ్ళూ తాడు లాగారు.

దిగేటప్పుడు నూరిస్ పిల్లని ఎత్తుకునే నడిచింది, ఎంత బరువైనా దించలేదు. ఎర్సిలియా తన టోపీని పిల్ల తలకి పెట్టి, దగ్గరగా నడుస్తోంది. కంచె దగ్గర మిలే తల్లి చెవి దగ్గరికి మొహం తెచ్చింది.

“అచ్చం నీ గొంతే అమ్మా. నీలాగే అమ్మలూ అని కూడా పిలిచింది. చాలా ఏడ్చింది పాపం. నాకు జాలేసి ఒకసారి పలకబోయాను కూడా.”

నూరిస్ నడుస్తూనే ఉంది. పక్కన ఎర్సిలియా అడుగు తడబడింది. నిజం చెప్పమన్నట్టు చూసిందో, వద్దన్నట్టు చూసిందో నూరిస్‌కి తెలియలేదు. వెనక్కి చూస్తే కంచె అవతల తెల్లగా, ఏమీ లేదు. ఈ పిల్ల ఇక్కడే పెరగాలి. వచ్చే ఏడు, ఆ పై ఏడు, ఆవుల వెంట ఇదే కొండ ఎక్కుతుంది, తను పక్కన ఉన్నా లేకపోయినా.

“మళ్ళీ పిలిస్తే ఏం చెయ్యాలమ్మా?”

నూరిస్ పిల్ల తలని భుజానికి అదుముకుంది.

“పలకొద్దు,” అంది, ఎర్సిలియాకి కూడా వినపడనంత మెల్లగా. “నా గొంతే అయినా సరే. ఎంత ఏడ్చినా పలకొద్దు.”