తీగలో ఆలస్యం

ట్యాంకు పక్కన బిగించిన గొట్టాన్ని ఊడదీసి, భుజాన వేసుకుని అతను డాబా ఆ చివరకు నడిచాడు. గొట్టం కొసన గుప్పెడంత తెల్ల యాంటెన్నా. నీళ్ళ ట్యాంకు సగం ఆకాశాన్ని మింగేస్తోందని తెలియడానికి పొద్దుటిపూటంతా పట్టింది. పైన తిరిగే ఉపగ్రహాల్లో నాలుగింటి సంకేతమైనా అందితే గాని కింద గదిలోని గడియారపు పెట్టెకు సరైన సమయం తెలియదు. ఆ సమయాన్నే ఆసుపత్రిలోని కంప్యూటర్లూ గోడ గడియారాలూ పెట్టెను అడిగి తీసుకోవాలి. ట్యాంకు చాటున మూడే దొరికాయి.

యాభై దాటిన మనిషి. బానపొట్ట, మోకాళ్ళ దగ్గర నలిగిన ప్యాంటు, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు. అందరూ అతన్ని 'పావుగంట' అని పిలుస్తారు. ఎవరు పిలిచినా పావుగంట ఆలస్యంగా వెళ్ళడం చిన్నప్పటి అలవాటు. బద్ధకం కాదు. చేతిలో ఉన్న మరను ఇంకొంచెం బిగిస్తే పోలా అనిపిస్తుంది, అంతే. పెళ్ళిని కూడా అలాగే వచ్చే ఏడు చూద్దాం, వచ్చే ఏడు చూద్దాం అంటూ దాటించేశాడు. ఈ ఆసుపత్రిలో మరమ్మతులకు పిలిస్తే కొన్నేళ్ళుగా వేళకే వెళ్తున్నాడు గాని, ఆ పేరు వదల్లేదు. వయసొచ్చి తానే బాగుపడ్డానని అతని నమ్మకం.

పొద్దున అక్క క్యారియరు చేతికిస్తూ అంది. "ఒరేయ్, ఆవిడ రేపట్నించి రాదటగా. ఇవాళైనా నోరు విప్పుతావా, దానికీ పావుగంట కావాలా?"

ఆవిడంటే ఆసుపత్రి టెలిఫోన్ ఆపరేటరు. భర్త పోయాక ఈ ఉద్యోగంలో చేరింది. రోజూ పొద్దున్నే గది గదికీ ఫోన్ చేసి టైము చెబుతుంది, వాళ్ళు గోడ గడియారాలు సరిచేసుకుంటారు. ఫోన్లు ఇప్పుడు వాటంతటవే కలుస్తున్నాయి. ఈ పెట్టె వస్తే టైము చెప్పే పని కూడా ఉండదు. తమ్ముడింటికి, వేరే ఊరికి వెళ్ళిపోతోంది. తనతో ఉండిపొమ్మని అడగాలని అతనికి ఎన్నాళ్ళుగానో ఉంది. ఆమె పనికి ఎసరు పెట్టే పెట్టెను తన చేత్తోనే బిగించడం అతనికి మింగుడుపడటం లేదు.

మధ్యాహ్నం ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు. సన్నటి మనిషి, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, హెడ్‌ఫోను నొక్కి నొక్కి జుట్టు మధ్యలో పడిన గాడి.

"పొద్దుట్నించీ డాబా మీద ఏమిటా కోతి గంతులు?" అందామె.

"తీగ దింపుతున్నానండి. పైనించి సంకేతం తీగలో దిగడానికి కూడా కాస్త సమయం పడుతుంది. ఆ ఆలస్యమెంతో పెట్టెకు ముందే చెప్పాలి. అది లెక్కేసుకుని సరిచేసుకుంటుంది."

"ఓస్, ఇంతేనా! నేను చేసేదీ అదేగా."

ఆపరేషన్ థియేటరుకు ఆమె ఐదు నిమిషాలు ముందు టైము చెబుతుందట. పెద్ద డాక్టరుగారు మెట్ల దగ్గర కబుర్లలో పడతారు మరి. వంటగదికి కాస్త వెనక చెబుతుందట, లేకపోతే కంగారులో ఉడికీ ఉడక్కుండానే దించేస్తారట. అతను తెల్లబోయాడు. గదికో టైము నడుస్తోందని గడియారాలన్నీ చూసొచ్చి పైవాళ్ళకు చెప్పింది అతనే. అందుకే ఈ పెట్టె వచ్చింది. తన గదిది మాత్రం చూడలేదు. దీపం కిందే చీకటి.

"మీతో ఒక మాట చెప్పాలండి," అన్నాడు.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని గోడ గడియారం చూసింది. "నాలుగింటికి రండి. మా తమ్ముడు కారు తెస్తాడు, వాడు ఆగే రకం కాదు. మీరొచ్చేదాకా నేనే ఆపుతాను."

ఆకాశం విప్పారిన చోట యాంటెన్నాకు సంకేతాలు పుష్కలంగా దొరికాయి. పెట్టె మీద దీపం పచ్చబడింది. అంతస్తు తర్వాత అంతస్తుగా గడియారాలన్నీ ఒక్క మాట మీదికొచ్చాయి. చివరికి నేలమాళిగలోని తన గదికి వచ్చాడు. అక్కడ సెల్‌ఫోనుకు సిగ్నలు అందదు, గోడ గడియారమే దిక్కు. పాతది నాలుగు చూపిస్తోంది. దాన్ని దించి కొత్తది తగిలిస్తే పావు తక్కువ నాలుగు చూపించింది. పాతది పరుగెత్తుతోందన్నమాట, ఇంకా టైముందని సంబరపడి, తీగ లెక్క మరోసారి చూద్దామని కూర్చున్నాడు. కొత్త గడియారంలో నాలుగైంది. ఈ ఒక్క మర బిగించి లేద్దామనుకున్నాడు.

పైకి వెళ్ళేసరికి నాలుగుంబావు దాటింది. ఆమె గదిలో వాచ్‌మన్ కిటికీలు మూస్తున్నాడు.

"ఇప్పుడే వెళ్ళారు సార్. ఆ తమ్ముడు ఒకటే హారను. 'ఉండరా, ఆయన ఎప్పుడూ వేళకే వస్తారు' అంటూ చాలాసేపు కూర్చున్నారు. రారనుకున్నారో ఏమో, కళ్ళు తుడుచుకుని లేచారు."

అతను గోడకు ఆనుకున్నాడు. రోజూ పొద్దున్నే తన గదికి కూడా ఆమె ఫోను వచ్చేది. ఇన్నేళ్ళూ అతనికి పావుగంట ముందు టైము చెబుతూ వచ్చింది. అతను మారిందెప్పుడు?

బల్ల మీద రెండు టీ కప్పులున్నాయి. ఒకటి కడిగి బోర్లించి ఉంది. రెండోదాని మీద సాసరు మూత పెట్టి ఉంది, లోపలి టీ మీద మీగడ కట్టింది.