పదకొండింటికి లేని జ్వరం

జ్వరం అబద్ధమాడుతుందా అన్నది ముందు తేల్చుకోవాలి. మనిషి ఆడతాడు. జైల్లో పడ్డ మనిషి మరీ ఆడతాడు. కానీ ఒక ఒళ్ళు రోజూ సాయంత్రం నాలుగింటికి వేడెక్కి, తెల్లారేసరికి చల్లబడి, పదకొండింటికి థర్మామీటరు వచ్చే వేళకి ఏమీ ఎరగనట్టు కూర్చుంటే, అబద్ధమాడుతున్నది ఒళ్ళా, థర్మామీటరా, గడియారమా?

గడియారమే అయివుండాలని జైలు కాంపౌండరు ఆయుధాగారం మెట్లు దిగుతూ అనుకున్నాడు. వెంటనే ఆ మాట మీదా నమ్మకం పోయింది. తేల్చుకోకుండా ఏదీ అనుకోకూడదన్నది అతని పద్ధతి. యాభై ఏళ్ళు వచ్చినా, స్నానానికి నీళ్ళు ఎలా ఉన్నాయని భార్య అడిగితే, చూసి చెబుతానని అతను ఇంకా చూస్తూనే ఉంటాడు.

నాలుగేళ్ళ కిందట ఒక ఖైదీ డిస్పెన్సరీలో థర్మామీటరు విరిచి, గాజుముక్క చూపించి వార్డరుని బెదిరించాడు. ఇంకో దుప్పటి కావాలన్నది అతని డిమాండు. దుప్పటి ఇవ్వలేదు గానీ, థర్మామీటరుని ఆయుధాల జాబితాలో చేర్చారు. అప్పటినుంచీ అది రైఫిళ్ళకీ బాష్పవాయు గుండ్లకీ నడుమ, నలభై ఏడో నంబరు పెట్టెలో ఉంటోంది. రోజుకి ఒక గంట, పదకొండు నుంచి పన్నెండు దాకా, హవల్దారు భుజాన తుపాకీతో దాన్ని వెంటబెట్టుకుని వస్తాడు. బటన్ నొక్కే రకం తెప్పిస్తే, అందులో బ్యాటరీ ఉందని గేటు దాటనివ్వలేదు.

అంకె లేనిదే జ్వరం బిళ్ళ లేదు. నూట రెండు దాటిన అంకె రిజిస్టరులో పడితే మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు. చీటీ గేటుకి వెళుతుంది, బండి పెద్దాసుపత్రికి బయల్దేరుతుంది. నాలుగేళ్ళుగా ఒక్క అంకె కూడా నూరుని తాకలేదు. జ్వరాలు లేని జైలని పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. డిస్పెన్సరీ గోడకి తగిలించిన ఆ పత్రం మీద దుమ్ము ప్రతి సోమవారం కాంపౌండరే తుడుస్తాడు.

హవల్దారు రైఫిలుకి నూనె రాస్తున్నాడు.

"మళ్ళీ వచ్చావా. మనిద్దరికీ ఏదో ఉందనుకుంటారయ్యా చూసేవాళ్ళు."

"ఐదు నిమిషాలకి ఇవ్వండన్నా. చూసి తెచ్చేస్తాను."

"పొద్దున తెచ్చాగా. తొంభై ఎనిమిది. నువ్వే రాసుకున్నావు."

"జ్వరం ఇప్పుడు వచ్చింది."

"అయితే రేపు పదకొండు దాకా ఉంచమను," అన్నాడు హవల్దారు. అతను వెటకారమాడటం లేదు. నిజంగానే సలహా చెబుతున్నాడు. "ఇంతకీ ఎవరికి?"

"తోట పెద్దాయనకి. తొమ్మిదో రోజు. ఇవాళ మనుషుల్ని గుర్తుపట్టట్లేదు. ఇంకో రాత్రి ఇలాగే వదిలేస్తే ఉండడన్నా."

హవల్దారు చెయ్యి ఆగింది. పెరట్లో వంకాయ మొక్కల మధ్య కూర్చుని, ఎవరు పోతున్నా పలకరించే ఆ ముసలి ఖైదీ అతనికీ తెలుసు.

"సూపరింటెండెంటుగారిని అడగరాదూ?"

"అడిగాను. జ్వరం ఉందని రుజువు చూపిస్తే, వేళకాని వేళలో కూడా థర్మామీటరు ఇప్పిస్తామన్నారు."

"మరి రుజువుందా?"

"మీ పెట్టెలో ఉంది."

హవల్దారు నూనెగుడ్డ పక్కన పెట్టాడు. "చిక్కే," అన్నాడు. ఉత్తచేతులతో పంపడం ఇష్టంలేక మళ్ళీ అన్నాడు, "రైఫిలైతే ఇవ్వగలను. దానికి వేళల్లేవు. సంతకం పెట్టి ఎప్పుడైనా తీసుకెళ్ళచ్చు."

రైఫిలు గొట్టం చల్లగా ఉంటుంది కాబట్టి, చంకలో పెట్టి ఎంతసేపటికి వేడెక్కిందో చూస్తే? కాంపౌండరు ఒక్క క్షణం దీన్ని నిజంగానే లెక్కవేశాడు. తర్వాత తన బుర్ర ఎటు పోతోందో చూసి భయపడి, మెట్లెక్కి వచ్చేశాడు.

డిస్పెన్సరీలో పెద్దాయన మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. తలదగ్గర రేడియో తడిగుడ్డ పట్టుకుని కూర్చున్నాడు. డిస్పెన్సరీ ఊడ్చే ఖైదీ అతను. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు.

"ఏమైంది సార్, ఇచ్చాడా?"

"రైఫిలిస్తానన్నాడు."

"తీసుకురావలసింది. గడియారాన్ని కాల్చేవాళ్ళం."

పెద్దాయన పెదవులు కదిలాయి. "వేరు దగ్గర నీళ్ళు నిలవనీకమ్మా. కుళ్ళిపోతావు."

"ఇందాకటి నుంచీ నన్ను వంకాయ మొక్క అనుకుంటున్నాడు సార్. నేనూ ఊ కొడుతున్నా." రేడియో గొంతు తగ్గించాడు. "మీరే చెయ్యిపెట్టి చూడండి. ఈయన మీద బట్టలు ఆరేసుకోవచ్చు."

"నా చెయ్యి లెక్కలోకి రాదు."

"మీ చెయ్యేం నేరం చేసింది సార్? నా చేతిని నమ్మరంటే అర్థముంది."

కాంపౌండరు తన కుడిచేతిని చూసుకున్నాడు. మాత్రలు లెక్కపెట్టిన చెయ్యి. కట్లు కట్టిన చెయ్యి. ఎవరి నుదుటి మీదా ఆగని చెయ్యి.

అమ్మ చెయ్యి అలా కాదు. చిన్నప్పుడు వెనకచేతిని అతని నుదుటికి ఆనించి, కళ్ళు ఎటో పెట్టి, "నూటొకటి, కాస్త పైన," అనేది. డాక్టరు చూస్తే నూటొకటీ పాయింటు రెండు. కొలవకుండా ఎలా తెలుస్తుందని అతనికి భయమేసేది. తనలో ఇంకా ఏమేం తెలిసిపోతున్నాయో అని దుప్పటి పైకి లాక్కునేవాడు. ఆ చేతినుంచి తప్పించుకోడానికే తను గాజుగొట్టాల ఉద్యోగంలోకి వచ్చాడేమో.

చివరి రోజుల్లో అమ్మ అడిగింది, "చెయ్యిపెట్టి చూడరా." అతను సొరుగులోంచి థర్మామీటరు తెచ్చాడు. చంకలో పెట్టి రెండు నిమిషాలు గడియారం చూశాడు. ఆ రెండు నిమిషాలూ అమ్మ అతన్ని, కరెంటు మీటరు చూసిపోడానికి వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. నూట మూడు. ఆ అంకె ఇప్పటికీ గుర్తుంది. అమ్మ నుదురు ఎలా ఉండేదో గుర్తులేదు. గుర్తుండటానికి అసలు తెలిస్తేగా.

కొలవని అంకె రాస్తే విచారణ ఖాయం. ఉద్యోగం పోవచ్చు. గోడమీది పత్రం ఎలాగూ పోతుంది.

"సార్," అన్నాడు రేడియో. "నేను ఊ కొట్టినా ఇప్పుడు పలకట్లేదు."

కాంపౌండరు మంచం అంచున కూర్చున్నాడు. వెనకచేతిని పెద్దాయన నుదుటికి ఆనించాడు. మొదట ఏమీ తెలియలేదు, వేడి అన్న మాట తప్ప. చెయ్యి తీసెయ్యబోయి ఆగాడు. తెలియకుండానే కళ్ళు ఎటో పోయాయి. చర్మం కింద కణత గబగబా కొట్టుకుంటోంది. పెద్దాయన తల చిన్నగా ఆ చేతివైపు ఒరిగింది.

"నూట నాలుగు," అన్నాడు కాంపౌండరు. "కాస్త తక్కువ."

రిజిస్టరు తీశాడు. వేళ గడిలో నాలుగూ నలభై అని రాశాడు. ఉష్ణోగ్రత గడిలో నూట మూడూ పాయింటు ఎనిమిది. గేటు చీటీలోకీ అదే ఎక్కించి, చింపి రేడియో చేతికిచ్చాడు. రేడియో చీటీని గాలిలో ఊపుతూ వరండాలో పరుగెత్తాడు. జీవితంలో మొదటిసారి నోరెత్తకుండా.

రిజిస్టరులో ఒక గడి మిగిలింది. పరికరం నంబరు. నాలుగేళ్ళుగా అందులో పైనుంచి కిందిదాకా నలభై ఏడు, నలభై ఏడు, నలభై ఏడు. కలం ఆ గడిమీద ఆగింది. అతనికి అబద్ధం రాయడం చేతకాదు.

కుడిచెయ్యి, అని రాసి సంతకం పెట్టాడు.