ఎనిమిది వేల కార్డులు

మా ఆయన ఆమోసు చొక్కాకి ఊడిన బొత్తాం కుడుతున్నాను. అతను వెనక నిలబడి అన్నాడు: "నిన్న గోల్‌బజార్లో మీ ఆఫీసు గోవిందరావు కనిపించినాడు. 'మీ ఆవిడే మాకు ఆఫీసరు గావాల' అని నలుగురిలో నవ్వినాడు. ఎవుడి పని ఆడు సేసుకుంటాడు. నీకెందుకే?"

దారం కొరికి చొక్కా చేతికిచ్చాను. పదకొండేళ్ల కాపురంలో జవాబు మింగడం బాగా అలవాటైంది.

నాకెందుకో నేనూ ఆలోచించకపోలేదు. ఆ ఏడు, అరవై మూడులో, మా రైల్వే ఆఫీసులో పాత రిజిస్టర్లలోని ఇంజను విడిభాగాల వివరాలన్నీ కొత్త కార్డుల మీదకి ఎక్కించమన్నారు. ఎనిమిది వేల కార్డులు, ఐదుగురం, నాలుగు నెలల గడువు. రెండు నెలలకి తొమ్మిది వందలు కూడా కాలేదు. గోవిందరావు పేర్లు రాస్తేగాని నేను నంబర్లు వెయ్యలేను, నేను వేస్తేగాని టైపుకి వెళ్లవు. ఎవరికి వారు పక్కవాడి బల్ల చూపించి టీకి వెళ్లిపోయేవారు. నా వాటా చేసుకుని నేనూ కూర్చోవచ్చు. కూర్చోలేకపోయాను. ఎవరి దగ్గర ఎన్ని ఆగాయో గోడ మీద కాగితంలో రోజూ రాశాను. ఆగినచోటికల్లా వెళ్లి, "ఈ ఇరవై ఇచ్చీండి గోవిందరావు గారూ, మిగతావి రేపు సూద్దాం" అని బతిమాలాను. సెలవు పెట్టినవాళ్లవి నేనే రాశాను. నాలుగో నెల వచ్చేసరికి మిగిలినవి ఆరు వందలే. అది నా పని అని ఎవరూ చెప్పలేదు కాబట్టి, చేశానని కూడా ఎవరూ అనలేదు.

ఆ రోజు పదకొండింటికి హెడ్ క్లర్కు తాతారావు గారు పిలిచారు.

"నెలాఖరుకి ఎల్లిపోతన్నావు గదమ్మా, ఆ కార్డుల సంగతి గోవిందరావుకి అప్పజెప్పీ."

"నానెక్కడికెల్తన్నాను బాబూ?"

ఆయన ఒక కాగితం నా ముందుకి జరిపారు. ఇంటి బాధ్యతల వల్ల ఉద్యోగం మానుకుంటున్నానని నాలుగు వరుసలు. కింద జ్ఞానరత్నం అని నా పేరుతో సంతకం. ఆ చేతిరాత ఆమోసుది.

 ఆ సంతకం మీద వేలు పెట్టాను.

"నా సంతకం మీరు హాజరు పట్టీలో రోజూ సూస్తారు గదా బాబూ?"

"మొగుడు తెచ్చి ఇచ్చినాక సంతకం సూస్తామేటమ్మా?"

మధ్యాహ్నం భోజనాల కూత వేయగానే ఆమోసు పనిచేసే వర్క్‌షాపు గేటు దగ్గరికి పరిగెత్తాను. చెట్టుకింద అన్నం డబ్బా విప్పుతున్నాడు. కాగితం గురించి అడిగితే తల కూడా ఎత్తలేదు.

"నిన్నడిగితే రాయవు గదా. అందికే నానే రాసీసినాను."

సిగ్గో, భయమో, కనీసం కోపమో ఉంటుందని అతని ముఖంలో వెతికాను. ఏమీ లేదు. అన్నం కలుపుకుని, పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు.

ఆఫీసుకి ఎలా తిరిగొచ్చానో గుర్తులేదు. తాతారావు గారి బల్ల మీది కలం తీసుకుని, ఆ ఉత్తరం కింద రాశాను: "ఈ సంతకం నాది కాదు. నాకు తెలియకుండా నా భర్త ఆమోసు చేశాడు. నేను ఉద్యోగం మానడం లేదు." నా సంతకం పెట్టి, తారీకు వేసి, పైఆఫీసుకి వెళ్లే తపాలాలో ఉంచాను.

తాతారావు గారు దాన్ని తీసి చదివి కుర్చీలోంచి ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. "ఏటి సేసినావమ్మా! ఇది పైకెల్తే ఆమోసు ఉద్యోగం ఏటవుతాది?"

"నా ఉద్యోగం పోతన్నపుడు మీరు కూకునే ఉన్నారు బాబూ," అన్నాను.