వెనక కూర్చున్న మనిషి

"నీకెలాగూ తేడా తెలియదు కదా, వెనక కూర్చుని వైర్లు మార్చిపెట్టు చాలు" అన్నాడు భర్త.

మధ్యాహ్నం తిన్న కంచాలు ఇంకా సింకులోనే ఉన్నాయి. ఆమె చేతులు తుడుచుకుని స్టాండు వెనకకు దూరింది. ఒకపక్క పాత సీడీ ప్లేయరు, ఇంకోపక్క నెట్ నుంచి పాటలు అందుకునే కొత్త పెట్టె. పాట ఒకటే అయినా రెండూ రెండు రకాలుగా పలుకుతాయని భర్త వాదన. ఎందులోంచి వచ్చినా అవే అంకెలు కదా అని ఆయన స్నేహితుడైన లెక్కల మాస్టారి పట్టు. తీర్పు చెప్పడానికి మరిది వచ్చాడు. ఏది మోగుతోందో తెలియకుండా అడ్డంగా దుప్పటి కట్టారు. 'మార్చు' అన్నప్పుడల్లా ఆమె పాట ఆపి, వైరు మార్చి, మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి.

ఆమె ఉద్యోగం ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేయడం. ఏ శబ్దమూ రాకపోయినా వినబడిందని వేలెత్తేవాళ్ళను పన్నెండేళ్ళుగా చూస్తోంది. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. "మా కోడలు మీటలు నొక్కుతుంది" అని అత్తగారు చుట్టాలకు చెబుతుంటుంది.

నాలుగోసారి వంగేసరికి నడుం పట్టేసింది.

"ఏమండీ, ఇక వంగలేనండీ."

"ష్! వింటున్నాం."

కాసేపాగి మళ్ళీ చెప్పింది. "ఒక్క నిమిషం మాట్లాడకు వదినా, మూడ్ పోతుంది" అన్నాడు మరిది.

ఆమె గోడకు జారగిలబడింది. 'మార్చు' అన్నప్పుడల్లా పాట ఆపి, ఉన్నదాన్నే మళ్ళీ పెట్టింది.

"అదీ! గొంతు ఎంత విడిగా వచ్చిందో చూడు."

"అవునన్నయ్యా, ఇందాకటిది గొంగళి కప్పినట్టుంది."

"ఏదో ఉందండోయ్" అని మాస్టారు కూడా మెత్తబడ్డాడు.

ఐదుసార్లు అలాగే అయ్యాక భర్త గెలిచిన గొంతుతో అడిగాడు, "ఇప్పుడు చెప్పు, మోగింది ఏది?"

"సీడీ ప్లేయరే. ఈ ఐదుసార్లూ అదే. నేను మార్చలేదు."

భర్త మొహం కందగడ్డయింది. "మార్చలేనని నోరు తెరిచి చెప్పొద్దూ?"

"చెప్పాను. రెండుసార్లు."

"చెప్పారండీ" అన్నాడు మాస్టారు నేలచూపులతో. "నాకు వినబడింది."

ఆ మాట భర్త మాటకంటే ఎక్కువ గుచ్చుకుంది. ఆమె గోడ పట్టుకుని లేచి, దుప్పటి తప్పించుకుని ముందుకొచ్చింది. రెండు స్పీకర్లకూ సరిగ్గా మధ్యనుండే కుర్చీలో భర్త కూర్చుని ఉన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ కుర్చీ దుమ్ము దులపడమే తప్ప ఆమె అందులో కూర్చున్నది లేదు.

"లేవండి. వైర్లు మీరు మార్చండి. నేను వింటాను."

ఆయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు ఫోన్ వైపు చూసుకున్నాడు. చివరికి భర్తే లేచి, దుప్పటి వెనకకు వెళ్ళి, మూలుగుతూ వంగాడు. ఆమె వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. పాట మొదలైంది.

"ఏం, తేడా తెలుస్తోందా?" కాసేపటికి వెనకనుంచి గొంతు వచ్చింది. "మార్చమంటావా?"

ఆమె కళ్ళు తెరవలేదు. పాట ఇంకా అయిపోలేదు.