మందపాటి అడుగు

నేను ఒక టీ గ్లాసును. పైకి అన్ని గ్లాసుల్లాగే కనిపిస్తాను గానీ, నా అడుగు మందం. ఫ్యాక్టరీలో పోసిన రోజే నాకు అనుమానమొచ్చింది, ఇంత గాజు దండగ చేసి నా కడుపు ఎందుకు తగ్గిస్తున్నారని. ఊరికే నష్టపోయే మనిషిని నేనింతవరకు చూడలేదు.

గుంటూరు మిర్చి యార్డు గేటు పక్కన టీ కొట్టు నడిపే కోటమ్మ నన్ను కొన్నాక సంగతి తెలిసింది. పాల ధర పెరిగింది, గ్యాస్ పెరిగింది, పంచదార పెరిగింది. టీ మాత్రం పది రూపాయలే. పెంచితే హమాలీలు పక్క కొట్టుకు పోతారని ఆవిడ భయం. ఆ కొట్టే ఆవిడ బతుకు. అందుకని పాత గ్లాసులు తీసేసి, గుట్టుచప్పుడు కాకుండా మమ్మల్ని దింపింది. మోసం ఆవిడది, మోయడం నా వంతు!

"సర్కారు చలామణీలోకి డబ్బు ఇంకా వదులుద్దంట. వ్యాపారాలు పుంజుకుంటాయంట," అని పేపరు చదివేవాడు హమాలీ సైదులు.

"ఆ డబ్బు ఏ దోవన పోద్దో గానీ, మన దాకా ధరలే వస్తన్నయ్," అనేది కోటమ్మ, నా వైపు చూడకుండా.

సైదులు కళ్లు మాత్రం నా మీదే. ఒకరోజు ఇంటి నుంచి, కొట్లోని పాత గ్లాసుల కొలతే ఉన్న గ్లాసొకటి తెచ్చి, నాలోని టీ అందులోకి వంచాడు. పైన వేలెడు వెలితి. నాకు సిగ్గుతో పగిలిపోవాలనిపించింది.

"ఏందక్కా ఇది? ఇన్నేళ్లు నమ్మి తాగామే!"

కోటమ్మ మొహం పాలిపోయింది. "పన్నెండంటే మీరు రారయ్యా... నీ కూలి పెరిగిందా తమ్ముడూ?"

"ఏడ పెరిగింది? బస్తాకి అదే కూలి." సైదులు భుజం తడుముకున్నాడు. "బస్తానే బరువెక్కింది. షావుకారు మిరపకాయలు తొక్కిచ్చి తొక్కిచ్చి నింపిస్తన్నాడు. నాకే వయసు మీద పడిందనుకున్నా."

అంటూనే ఆగిపోయాడు. నన్నొకసారి, యార్డునొకసారి చూశాడు.

"పన్నెండే తీసుకో అక్కా, నిండుగా పొయ్యి," అని లేచాడు. "రాండ్రా, ముందు బస్తాలు కాటా మీద పెడదాం. తర్వాతే భుజానికెత్తేది."

పాత గ్లాసులు మళ్లీ కొట్టెక్కాయి. నేనిప్పుడు బల్ల మీద పేపరు ఎగిరిపోకుండా కూర్చుంటున్నాను. ధరలు అదుపులోనే ఉన్నాయని ఇవాళ పెద్దక్షరాల్లో రాశారు. ఉంటే సంతోషమే. అడుగు చూడనిదే నేను మాత్రం నమ్మను.